డకోటా ఇంజను

1945లో నిజాం ప్రభుత్వం, టాటా సంస్థ కలిసి నెలకొల్పిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుండి డకోటా విమానాలను నడిపింది. వాటి రెక్కలకు అమర్చినది అమెరికాలోని ప్రాట్ అండ్ విట్నీ సంస్థ రూపొందించిన ట్విన్ వాస్ప్ ఇంజను.

అందులో సిలిండర్లు బండిచక్రం ఆకుల వలె, ఏడేసి చొప్పున రెండు వరుసలలో ఉంటాయి. ఏడే ఎందుకు? ఇరుసు రెండు చుట్లు తిరిగేలోగా ప్రతి సిలిండరులోనూ ఇంధనం ఒక్కమారే మండాలి. ఒకటి విడిచి ఒకటిగా 1, 3, 5, 7, 2, 4, 6 క్రమంలో మండితే ఎడం సమంగా ఉంటుంది. సరిసంఖ్య అయితే రెండవ చుట్టులో మండినవే మళ్లీ ఎదురవుతాయి. చల్లబరచడానికి నీరు అక్కరలేదు, ఎదురుగాలి చాలు.

రెండవ ప్రపంచయుద్ధంలో బ్యూక్, షెవర్లే కార్ల సంస్థలు కూడా ఈ ఇంజనును తయారుచేశాయి. మొత్తం ఉత్పత్తి 1,73,618. యుద్ధానంతరం మిగిలిన డకోటాలే మన పౌర విమానయానానికి ఊతమయ్యాయి. 1953లో దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైంది.