పండుగ మరునాడు సముద్రతీరానికి

మండవల్లి ప్రాంతంలో పుట్టిన పిల్లలకు నీరు కొత్త కాదు. ఇంటి గడప దాటితే పంట కాలువ, కాలువ దాటితే చేపల చెరువు, ఇంకా ముందుకు పోతే కొల్లేరు. అయినా ఇంతటి నీటి మధ్య పెరిగిన పిల్లవాడు సముద్రాన్ని తొలిసారి చూచినప్పుడు నోట మాట రాక నిలబడిపోతాడు. ఆవలి గట్టు కనిపించని నీటిని అతడు అంతకుముందు చూచి ఉండడు.

మన కుటుంబాలకు అలవాటైన తీరం మంగినపూడి. రైలులో గుడివాడ మీదుగా మచిలీపట్నం చేరితే, అక్కడి నుండి ఆటోలో పన్నెండు కిలోమీటర్లలోపే. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలో చేరేవరకు మనకు జిల్లా కేంద్రం బందరే కనుక ఆ దారి పెద్దలకు కొట్టిన పిండి. 'బందరు' పారశీక పదం, రేవు అని అర్థం. కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడి నుండి ఓడలు పర్షియాకు, ఎర్రసముద్రపు రేవులకు సాగిపోయేవి. కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలో కలిసే సంగతి కూడా దారిలోనే చెప్పవచ్చు. తీపినీటిని, ఉప్పునీటిని గురించి దివ్య ఖుర్ఆన్‌లోని అల్ ఫుర్ఖాన్ సూరా చెప్పినదానిని పిల్లలకు వివరించటానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

కొన్నేళ్ళ క్రితం ఈదుల్ ఫిత్ర్ మరునాడు మేము మూడు కుటుంబాలవాళ్ళం కలిసి ఆ తీరానికి వెళ్ళాము. అస్ర్ వేళ అయింది. తీరాన చాపలు పరచి, మగవారు ముందు వరుసలో, స్త్రీలు వెనుక వరుసలో నిలబడ్డారు. పిల్లలను ఒకచోట కూర్చోబెట్టి కదలవద్దని చెప్పాము. రెండవ రకాత్‌లో ఉండగా, ఇంకా వుజూ చేసుకుంటున్న దాదీ కేక వినిపించింది. ఏడేళ్ళ మా మేనల్లుడు అల లాక్కుపోతున్న బంతి వెంట నడుము లోతు నీటిలోకి వెళ్ళాడు. మొదటి అల పడదోసింది, రెండవది లోపలికి లాగింది. కాస్త దూరాన వల సర్దుకుంటున్న మత్స్యకారుడొకాయన పరుగున వచ్చి చేయి పట్టి ఇవతలికి తెచ్చాడు. అల్లాహ్ దయవల్ల పిల్లవాడు క్షేమంగా బయటపడ్డాడు. ఆ పూట మరి ఎవరూ అన్నం ముట్టలేదు.

తరువాత ఆలోచిస్తే మా పొరపాటు తేటతెల్లమైంది. మన తీరంలో సముద్రం తూర్పున, ఖిబ్లా పడమరన ఉన్నాయి. అంటే ఇక్కడ నమాజుకు నిలబడిన ప్రతి వ్యక్తీ సముద్రానికి వీపు పెట్టి నిలబడతాడు. మగవారు చూస్తున్నారని స్త్రీలు, స్త్రీలు చూస్తున్నారని మగవారు అనుకునే అవకాశం కూడా ఆ కొద్ది నిమిషాల్లో ఉండదు. దీనికి పరిష్కారం మన ధర్మంలోనే ఉంది. యుద్ధభయం ఉన్నప్పుడు ఒక బృందం నమాజు చేస్తుండగా మరొక బృందం కాపలా కాసి, తరువాత స్థానాలు మారాలని అన్నిసా సూరా నేర్పింది. మాది యుద్ధం కాదు గాని, కాపలా అవసరం మాత్రం తక్కువేమీ కాదు. అప్పటినుండి మేము తీరంలో రెండు జమాఅత్‌లుగా నమాజు చేస్తున్నాము. ప్రాణాపాయంలో ఉన్నవారిని కాపాడటానికి నమాజును మధ్యలో ఆపివేయటం తప్పనిసరి అని ధర్మవేత్తలు చెప్పిన మాటను కూడా ఇంట్లో అందరికీ తెలియజేశాము.

మరొక సంగతి. హిజ్రీ నెల చంద్రుణ్ణి అనుసరించి నడుస్తుంది, ఆటుపోట్లూ చంద్రుణ్ణే అనుసరిస్తాయి. అమావాస్య, పున్నమి గడిచిన ఒకటి రెండు రోజుల్లో పోటు బాగా ఎక్కువ. షవ్వాల్ నెలవంక కనిపించాక మనం తీరానికి బయలుదేరేది సరిగ్గా ఆ రోజుల్లోనే. బక్రీద్ పదవ తేదీన, సగం చంద్రుడు దాటాక వస్తుంది కనుక అప్పుడు పోటు తక్కువ. అయితే అలల ఉధృతి గాలిని బట్టి కూడా ఉంటుంది, వానాకాలంలో, తుఫాను రోజుల్లో ఈ లెక్క నమ్మి నీటిలో దిగరాదు. ఇసుకపై గవ్వలు, చెత్త బారుగా పడి ఉన్న గీతే గత పోటు వచ్చిన హద్దు. చాప ఆ గీతకు పైన పరచాలి. అలలు విరుగుతున్న చోటికంటే, వాటి నడుమ ప్రశాంతంగా కనిపించే నీటిపాయే ప్రమాదం. లోపలికి లాగే ప్రవాహం అక్కడే ఉంటుంది. పిల్లలకు చీలమండ లోతు చాలు, అదీ పెద్దవారి చేయి పట్టుకునే.

నీటిలో ఆడనివ్వకపోతే పిల్లలు ఏం ఆడతారని అడుగుతారేమో! నిజానికి ఆటలన్నీ ఇసుకలోనే ఉన్నాయి. పాదం మీద తడి ఇసుక పోసి, అరచేతితో తట్టి, మెల్లగా పాదం తీసి పిచ్చుకగూడు కట్టటం మా దాదీకి వచ్చినంత బాగా మాలో ఎవరికీ రాదు. ఎవరి గూడు కూలకుండా నిలుస్తుందో పందెం వేస్తే గంట ఇట్టే గడుస్తుంది. పీతల బొరియ దగ్గర కదలకుండా కూర్చుంటే పీత బయటికి వస్తుంది. అల్లరి పిల్లలను నిశ్శబ్దంగా కూర్చోబెట్టే ఉపాయం ఇంతకంటే మరొకటి మాకు తెలియదు. పళ్ళెంలో కొద్దిగా సముద్రపు నీరు పోసి ఎండలో ఉంచితే మధ్యాహ్నానికి ఉప్పు మిగులుతుంది. కర్రతో ఇసుకపై అలిఫ్, బే వ్రాయటం, అల వచ్చి చెరిపేలోగా మరొక అక్షరం పూర్తిచేయటం మా పిల్లలే కనిపెట్టిన ఆట. తాడులాగుడు, చెడుగుడు ఉండనే ఉన్నాయి. చెడుగుడులో అబ్బా కూత ఆపకుండా వెళ్ళి పట్టుబడితే పిల్లలకు కలిగే ఆనందం చెప్పనలవి కాదు.

ఇంటి స్త్రీల మాట కూడా చెప్పాలి. చాలా కుటుంబాలలో తీరానికి వెళ్ళిన అమ్మీ సంచుల దగ్గర, టిఫిన్ డబ్బాల దగ్గర కూర్చుని తిరిగివస్తుంది. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగుపందెం వేశారని, ఒకసారి ఆమె, మరొకసారి ఆయన గెలిచారని హదీసు గ్రంథాలలో ఉంది. ఫజ్ర్ కాగానే బయలుదేరితే జనం పలుచగా ఉండే వేళకు తీరం చేరవచ్చు, స్త్రీలకు సంకోచం ఉండదు. తడిసిన బురఖా బరువెక్కి అలలో కాళ్ళకు చుట్టుకుంటుంది కనుక పలుచని నూలు వస్త్రాలు, చీలమండ లోతు నీరు మంచివి. సంచుల కాపలా గంటకొకరు చొప్పున మగవారూ పంచుకోవాలి. మా ఇంట్లో ఈ నియమంపై గొణుగుడు ఇంకా ఆగలేదు.

నిరుడు వెళ్ళినప్పుడు ఆ మేనల్లుడే కాపలా వంతు అడిగి తీసుకున్నాడు. మేము నమాజులో ఉండగా చిన్నపిల్లలను బారుగా కూర్చోబెట్టి, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడట. సలామ్ చెప్పి తిరిగి చూస్తే, అతని పక్కనే దాదీ చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, పాదాల కింద ఇసుక జారిపోతుంటే నవ్వుతూ నీటిలో నిలబడి ఉన్నది.