బ్లఫ్‌కీ ఓ లెక్కుంది!

బ్లఫ్ అనగానే మనకు సినిమా సీనే గుర్తొస్తుంది. హీరో చేతిలో చెత్త ముక్కలు, ముఖంలో చిరునవ్వు, ఎదురుగా చెమటలు పట్టిన విలన్. కోడ్ రాసుకుని బతికేవాణ్ని కదా, నాకు ఆ నవ్వు కన్నా దాని వెనకున్న లెక్క మీదే మోజు. పోకర్‌లో ఆ లెక్క నిజంగానే ఉంది, పైగా టెన్త్ క్లాస్ మ్యాథ్స్ చాలు.

బల్ల మీద 100 రూపాయలున్నాయనుకోండి. చివరి రౌండ్. నేను ఇంకో 100 పందెం కాశాను. నా ముక్కలు చూడాలంటే మీరూ 100 పెట్టాలి. నాది బ్లఫ్ అయితే 200 మీకొస్తాయి, కాకపోతే మీ 100 పోతాయి. మూడుసార్లు చూస్తే రెండుసార్లు వంద చొప్పున పోయి, ఒకసారి రెండొందలు వచ్చినా మీకు సరికి సరి. అందుకే నా పందేల్లో సరిగ్గా మూడింట ఒకటి బ్లఫ్ అయితే, మీరు చూసినా పడేసినా ఒకటే. అంతకన్నా ఎక్కువ చేశానా, మీరు ప్రతిసారీ చూసి బాగుపడతారు. మరీ తక్కువ చేశానా, నేను పందెం కాయగానే పడేస్తారు, నాకు మంచి ముక్కలొచ్చినప్పుడు పైసా రాలదు. నా దృష్టిలో బ్లఫ్ అంటే మంచి ముక్కలకు పెట్టే పబ్లిసిటీ ఖర్చు.

గేమ్ థియరీకి పునాది వేసిన జాన్ వాన్ న్యూమన్ ఈ లెక్కను ఎప్పుడో కట్టేశాడు. 1944లో ఆస్కార్ మోర్గన్‌స్టెర్న్‌తో కలిసి రాసిన పుస్తకంలో పోకర్‌ని చిన్న ఆటగా కుదించి చూపించాడు. బ్లఫ్ చేయాల్సింది మధ్యరకం ముక్కలతో కాదట, మరీ చెత్తవాటితోనట! మధ్యరకంవి ఊరికే షో చేసినా అప్పుడప్పుడూ గెలుస్తాయి. చెత్తవి బ్లఫ్ చేస్తే తప్ప గెలవవు.

ఇక మూడింట ఒకసారి అంటే వరసపెట్టి ప్రతి మూడోసారి అని కాదు, అలా చేస్తే ఎదుటివాడు పట్టేస్తాడు. లాటరీ తీసినట్టు ఉండాలి. మన బుర్రకు అది చేతకాదు. అందుకే కొందరు ఆటగాళ్లు వాచీలో సెకన్ల ముల్లు చూస్తారు. ముల్లు మొదటి 20 సెకన్లలో ఉంటే బ్లఫ్, లేదంటే లేదు.

కంప్యూటర్‌కి ఆ తంటా లేదు. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల లిబ్రాటస్ నలుగురు ప్రొఫెషనల్స్‌తో ఒక్కొక్కరితో విడివిడిగా, మొత్తం 1,20,000 ఆటలు ఆడింది. 17 లక్షల డాలర్లకు పైగా విలువైన చిప్స్ గెలిచింది. దానికి మనుషుల ఆట ఎవరూ నేర్పలేదు. తనతో తనే ఆడుకుంటూ, ప్రతి ఎత్తుకీ 'ఇంకోలా చేసుంటే ఎంత వచ్చేది?' అని పద్దు రాసుకుంటూ నేర్చుకుంది. పగలు ఆటగాళ్లు కనిపెట్టిన లొసుగుల్ని రాత్రికి పూడ్చుకునేది కూడా!

ఇదంతా చూపించి 'మ్యాథ్స్ నేర్చుకో, పోకర్‌లో సంపాదించు' అనే వీడియోలు నా ఫీడ్‌లోనూ వస్తుంటాయి. చట్టం సంగతి సరే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధించాయి, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నేను చెప్పేది లెక్క గురించి. గేమ్ థియరీ ఇచ్చే హామీ చాలా చిన్నది: ఇద్దరి మధ్య ఆటలో సగటున నష్టపోవు, అంతే. బల్ల చుట్టూ ముగ్గురు చేరితే ఆ హామీ కూడా లేదు. పైగా అది ఆట నడిపేవాడు కమీషన్ తీసుకోకపోతేనే.

సమానంగా ఆడే ఇద్దరు చెరో 1000 పెట్టుకుని కూర్చున్నారనుకుందాం. ప్రతి ఆటకీ 5 రూపాయలు నిర్వాహకుడికి. 100 ఆటలకు 500 మాయం. 400 ఆటలయ్యేసరికి బల్ల మీద రూపాయి ఉండదు, ఇద్దరిలో ఎవరూ ఒక్క తప్పు ఎత్తూ వేయకపోయినా సరే.