గ్రామసభ సమ్మతి కాగితానికే పరిమితమా? బైలదిల్లా కొండ లేవనెత్తిన ప్రశ్న

విశాఖపట్నం రేవుకు కొత్తవలస-కిరండూల్ రైలుమార్గంలో దశాబ్దాలుగా చేరుతున్న ఇనుప ఖనిజం ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతానిది. దంతెవాడ జిల్లా బైలదిల్లా కొండల్లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎండీసీ) 1968 నుంచి తవ్వకాలు సాగిస్తోంది. అక్కడి 13వ నిక్షేపంపై 2019 జూన్‌లో చెలరేగిన ఆందోళన, ప్రాజెక్టుల్లో ప్రజల భాగస్వామ్యానికి ఉన్న విలువ ఎంతన్న చర్చను ముందుకు తెచ్చింది.

వివాదం ఏమిటి?

ఎన్‌ఎండీసీ, ఛత్తీస్‌గఢ్ ఖనిజాభివృద్ధి సంస్థల ఉమ్మడి కంపెనీకి ఈ గనిని కేటాయించారు. తవ్వకాల కాంట్రాక్టు అదానీ సంస్థకు దక్కింది. అయితే ఆ కొండను ఆదివాసీలు తమ దైవం నందరాజ్ నెలవుగా కొలుస్తారు. వేలాది మంది విల్లంబులతో తరలివచ్చి కిరండూల్‌లోని ఎన్‌ఎండీసీ కార్యాలయం ఎదుట బైఠాయించారు. 2014లో హిరోలి గ్రామసభ అనుమతి ఇచ్చినట్లు రికార్డులు చెబుతుండగా, అసలు అటువంటి సభే జరగలేదన్నది గ్రామస్థుల వాదన. దీంతో రాష్ట్ర ప్రభుత్వం చెట్ల నరికివేతను నిలిపివేసి, గ్రామసభ తీర్మానంపై విచారణకు ఆదేశించింది. ఆ హామీతో ఆందోళన ముగిసింది.

చట్టం ఏం చెబుతోంది?

బస్తర్ రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు పరిధిలో ఉంది. ఇటువంటి ప్రాంతాల్లో భూసేకరణకు ముందు గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం నిర్దేశిస్తోంది. సంప్రదించడం వేరు, సమ్మతి పొందడం వేరు. అటవీ భూమి మళ్లింపునకు గ్రామసభ సమ్మతి ఉండాలని, 2006 అటవీ హక్కుల చట్టాన్ని అనుసరించి కేంద్ర పర్యావరణ శాఖ 2009లో స్పష్టం చేసింది. పర్యావరణ అనుమతుల కోసం జరిపే ప్రజాభిప్రాయ సేకరణ ఈ రెంటికీ భిన్నం. అందులో అభ్యంతరాలను నమోదు చేస్తారే తప్ప, ప్రాజెక్టును తిరస్కరించే అధికారం ప్రజలకు ఉండదు.

గత అనుభవాలు

ఒడిశాలోని నియమగిరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో 2013లో జరిగిన 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వకాలను తోసిపుచ్చాయి. ఆ ప్రతిపాదనకు కేంద్రం అనుమతి నిరాకరించింది. బస్తర్ జిల్లా లోహండీగూడలో టాటా ఉక్కు కర్మాగారం కోసం 2005లో ఒప్పందం కుదిరింది. 10 గ్రామాల్లో సేకరించిన భూమిలో కర్మాగారం రాకపోవడంతో, 2019లో ఆ భూములను రైతులకు తిరిగి అప్పగించారు.

సభ నిజంగా జరిగిందా, విషయాన్ని వారి భాషలో వివరించారా, వద్దనే అవకాశం ఇచ్చారా అన్న మూడు అంశాలపైనే తీర్మానం విలువ ఆధారపడి ఉంటుంది. వీటిలో ఏది లోపించినా, ఆరంభంలో దాటవేసిన అభ్యంతరమే ఏళ్ల తర్వాత ఆందోళనగా ఎదురవుతుందని బైలదిల్లా ఉదంతం చాటుతోంది.