ఇంజిన్ మారింది, మరి బ్రేకులు?

సూర్యాపేట నుంచి మోతె మండలం మీదుగా ఖమ్మం వెళ్లే 365బీబీ జాతీయ రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించి 2023 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. కోదాడ పక్కనుంచి హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు హైవే ముందే ఉంది. నలభై, యాభై మీద నడిచిన బండ్లు ఇప్పుడు ఎనభై, తొంభై మీద పోతున్నాయి. కానీ ఆ రోడ్డు ఇంకా పొలాల మధ్య నుంచే సాగుతుంది. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు మోసే లారీలు, లైటు లేని ట్రాక్టరు ట్రాలీలు, డివైడరు సందులోంచి దాటే బర్రెలు ఎప్పుడైనా ఎదురుకావచ్చు. ఇలాంటి దారిలో ఎంత వేగంగా వెళ్లగలమన్నది రెండో ప్రశ్న. ఎంత దూరంలో ఆగగలమన్నదే మొదటిది.

పాత అంబాసిడర్లను ప్రాణంగా చూసుకునేవాళ్లు ఈ ప్రశ్న తప్పక వేసుకోవాలి. బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారుచేసిన ఈ బండి 1950ల చివర రోడ్డెక్కింది. 2014లో తయారీ ఆగిపోయింది. చాలాకాలం దాని గుండె 1489 సీసీ పెట్రోలు ఇంజినే. 1990లలో 1800 సీసీ ఇసుజు ఇంజిను, దానితోపాటు అయిదు గేర్లు వచ్చాయి. ఆ తర్వాత పాత బాడీలోకి ఇసుజు ఇంజినో, మరో డీజిల్ ఇంజినో ఎక్కించుకున్నవాళ్లు ఎందరో. పైకి తాతగారి కాలం బండి, లోపల రెట్టించిన సత్తువ. చక్రాల లోపల మాత్రం చాలాసార్లు పాత డ్రమ్ము బ్రేకులే ఉండిపోతాయి. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

వేగం ఒకటిన్నర రెట్లు, వేడి రెండుంపావు రెట్లు

బ్రేకు చేసే పని ఒక్కటే. బండికున్న చలనశక్తిని రాపిడితో వేడిగా మార్చి గాలిలోకి వదిలేయడం. చలనశక్తి వేగంతో సమానంగా కాక, వేగం వర్గంతో పెరుగుతుంది. మనుషులు, సామానుతో కలిపి 1,500 కిలోలున్న కారు గంటకు 60 కిలోమీటర్ల మీద ఉంటే ఆ శక్తి సుమారు 2 లక్షల జౌళ్లు. అదే కారు 90 మీద ఉంటే 4.7 లక్షల జౌళ్లు. నాలుగు డ్రమ్ముల ఇనుము మొత్తం 20 కిలోలనుకుంటే, 90 నుంచి ఒక్కసారి ఆగేసరికి అది దాదాపు 50 డిగ్రీలు వేడెక్కుతుంది. చల్లారే వ్యవధి ఇవ్వకుండా అయిదుసార్లు ఆపితే 250 డిగ్రీలు. మే నెల ఎండ దానికి అదనం.

దూరం లెక్కా ఇంతే. పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, సెకనుకు సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగం తగ్గించగలిగితే 60 మీద ఉన్న బండి 23 మీటర్లలో ఆగుతుంది. 90 మీద ఉన్నదానికి 52 మీటర్లు కావాలి. అడ్డం చూసి కాలు పెడల్ మీద పడేసరికి ఒక సెకను గడిచిందనుకుంటే మొత్తం దూరాలు 40, 77 మీటర్లు.

డ్రమ్ము బలం, డ్రమ్ము బలహీనత

డ్రమ్ము బ్రేకును తక్కువ అంచనా వేయకూడదు. తిరిగే డ్రమ్ము, లోపలి నుంచి దాన్ని అదిమే షూలలో ముందువైపుదాన్ని తనతో లాక్కుని ఇంకా గట్టిగా అదుముకుంటుంది. అందుకే తొక్కుడు బలాన్ని పెంచే బూస్టరు లేని కాలంలో కూడా కాలిబలంతోనే టన్నుకు పైబడిన కారు ఆగేది. ఈ గుణమే వేడిలో ఎదురు తిరుగుతుంది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూకు దూరంగా జరుగుతుంది, పెడల్ కిందికి పోతుంది. షూల మీది లైనర్ల పట్టు కూడా తగ్గుతుంది. పట్టు కొంచెం తగ్గినా, షూను లోపలికి లాగే బలం అంతకంటే ఎక్కువగా పడిపోతుంది. తొక్కినకొద్దీ బ్రేకు పట్టకపోవడానికి కారణమిదే. నీళ్లలోంచి వెళ్లాక తడిసిన లైనర్లు కాసేపు జారడం డ్రమ్ముకున్న మరో లోపం.

డిస్క్ గాలికి తెరిచి ఉంటుంది, త్వరగా చల్లారుతుంది. వేడెక్కి మందం పెరిగినా, దాన్ని రెండు పక్కల నుంచి అదిమే ప్యాడ్ల వైపే పెరుగుతుంది కాబట్టి పెడల్ కిందికి జారదు. బ్రిటిష్ ఇంజినీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే డిస్క్ బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. 1953లో ఫ్రాన్స్‌లోని లే మాన్ 24 గంటల పోటీలో డన్‌లప్ డిస్కులు బిగించుకున్న జాగ్వార్ సీ-టైప్ గెలిచాక ప్రపంచం ఆ వైపు తిరిగింది. పదేపదే అధిక వేగం నుంచి ఆగాల్సిన ఆ పోటీలో ఇంజినుతో సమానంగా బ్రేకులూ గెలిపించాయి.

ముందు జబ్బు తెలుసుకోవాలి

డిస్కులు కొనేముందు ఉన్న బ్రేకులను పూర్తి ఆరోగ్యానికి తేవాలి. లోపమున్న గొట్టాలకు, సిలిండర్లకు కొత్త డిస్కులు తగిలిస్తే జబ్బు అలాగే ఉంటుంది, వేగం మాత్రం పెరుగుతుంది. లక్షణాలు చాలావరకు పెడలే చెబుతుంది.

పెడల్ మెత్తగా స్పాంజిలా ఉంటే ఆయిల్‌లో గాలి చేరినట్టు. ద్రవాన్ని నొక్కితే దాదాపు కుంచించుకోదు, గాలి కుంచించుకుంటుంది. మన కాలిబలం గాలిని నొక్కడానికే సరిపోతుంది.

పెడల్‌ను తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోతూ, బయట ఎక్కడా ఆయిల్ కారకపోతే, పెడల్ బలాన్ని ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు అరిగాయని అనుమానించాలి. ఆయిల్ మట్టం తగ్గుతుంటే, చక్రాల దగ్గర షూలను నెట్టే వీల్ సిలిండర్ల దగ్గర, గొట్టాల కీళ్ల దగ్గర తడి కోసం వెతకాలి.

రెండుమూడుసార్లు తొక్కితే తప్ప బ్రేకు అందకపోతే చాలాసార్లు షూల సర్దుబాటు తప్పినట్టే. ముందు అది సరిచేసుకోవాలి.

బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగితే చాలాసార్లు రెండో పక్క బ్రేకు సరిగా పనిచేయడం లేదని అర్థం. సిలిండర్ బిగుసుకుపోవచ్చు, లైనరుకు ఆయిలో గ్రీజో అంటి ఉండవచ్చు. కాలు తీసినా ఒక చక్రం పట్టే ఉంటే అక్కడి రబ్బరు గొట్టాన్ని చూడాలి. ఏళ్లు గడిచిన గొట్టం లోపల ఉబ్బి, ఒత్తిడిని లోపలికి పోనిచ్చి వెనక్కి రానివ్వదు. పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది.

పెడల్ రాయిలా గట్టిగా ఉంటే బూస్టరును పరీక్షించాలి. ఇంజిన్ ఆపి పెడల్‌ను అయిదారుసార్లు తొక్కి, అలాగే నొక్కి పట్టి స్టార్ట్ చేయాలి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టరు పనిచేస్తున్నట్టే. డీజిల్ ఇంజిన్ ఎక్కించిన బండ్లలో ఇది మరీ ముఖ్యం. పెట్రోలు ఇంజిన్ మానిఫోల్డ్‌లో సహజంగా ఏర్పడే శూన్యం డీజిల్‌లో అంతగా ఉండదు. దానికి వేరే వ్యాక్యూమ్ పంపు ఉండి తీరాలి.

లైనర్ల దుమ్మును గాలి కొట్టి ఊదేయడం మాత్రం ఎవరూ చేయకూడదు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. దాని పీచు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ దాకా తేగలదు. తడిబట్టతో తుడవాలి. పనిచేసే మెకానిక్ ప్రాణం కూడా మన బండి భద్రతలో భాగమే.

ఆయిల్ తాగే నీళ్లు

బ్రేక్ ఆయిల్‌గా వాడే గ్లైకాల్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక అది 140 డిగ్రీలకు దిగుతుంది. డాట్-4కు ఆ అంకెలు 230, 155. వేడెక్కిన బ్రేకు దగ్గర ద్రవం మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ ఒక్కసారిగా నేలకు తగులుతుంది. చల్లారాక మళ్లీ మామూలే కాబట్టి షెడ్డులో తప్పు దొరకదు. రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్చడం ఈ ప్రమాదానికి చవకైన మందు. ఇంజినాయిలు లాంటి ఖనిజ నూనె పొరపాటున కూడా పోయకూడదు. రబ్బర్లన్నీ ఉబ్బి పాడవుతాయి.

డిస్క్ పెట్టడమంటే ఒక్క డిస్క్ పెట్టడం కాదు

మూసి ఉన్న ద్రవంలో ఒత్తిడి అంతటా సమానంగా పాకుతుందనే పాస్కల్ సూత్రమే ఇక్కడ యజమాని. 300 న్యూటన్ల బలంతో తొక్కితే, 5 రెట్ల పెడల్ మీటతో అది 1,500 న్యూటన్లవుతుంది. 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న మాస్టర్ సిలిండర్‌లో ఆ బలం దాదాపు 48 బార్ల ఒత్తిడి పుట్టిస్తుంది. పెద్ద సిలిండర్ పెడితే పెడల్ ప్రయాణం తగ్గుతుంది, కానీ ఒత్తిడీ తగ్గుతుంది. డిస్క్‌కు డ్రమ్ములా తనను తాను అదుముకునే గుణం లేదు, ఎక్కువ ఒత్తిడి కావాలి. అందుకే బూస్టరు. ప్యాడ్లను డిస్క్ మీదికి నొక్కే క్యాలిపర్ పిస్టన్‌కు వీల్ సిలిండర్ కంటే ఎక్కువ ఆయిల్ కావాలి. అందుకే మాస్టర్ సిలిండర్ లెక్క మళ్లీ చూడాలి. డ్రమ్ముల కోసం లైనులో కొంత ఒత్తిడిని నిలిపి ఉంచే వాల్వు ఉంటే, డిస్క్ లైను నుంచి దాన్ని తీసేయాలి. లేకపోతే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కుతాయి.

ముందు వెనకల తూకం ఇంకా కీలకం. బ్రేకు వేయగానే బరువు ముందుకు ఒరుగుతుంది. అంబాసిడర్ ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 2,464 మిల్లీమీటర్లు. గరిమనాభి 60 సెంటీమీటర్ల ఎత్తున, బరువు 1,500 కిలోలనుకుంటే గట్టి బ్రేకుకు 200 కిలోలకు పైగా భారం వెనక చక్రాల నుంచి ముందు చక్రాలకు మారుతుంది. తేలికైన వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే బండి తోక తిప్పేస్తుంది. కాబట్టి డిస్కులు ముందు చక్రాలకే మొదట రావాలి. వెనక ఒత్తిడి అవసరమైతే వాల్వుతో తగ్గించాలి. చివరి దశలో కొన్ని అంబాసిడర్లకు కంపెనీయే ముందు డిస్కులు, బూస్టరు ఇచ్చింది. ఆ విడిభాగాల జత దొరికితే, ఏదో కారు క్యాలిపర్‌ను వెల్డింగుతో అతికించడం కంటే వెయ్యి రెట్లు నయం.

పాత సింగిల్ మాస్టర్ సిలిండర్లో ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు బ్రేకులూ పోతాయి. రెండు విభాగాల టాండెమ్ సిలిండర్లో ఒకటి పోయినా మరొకటి మిగులుతుంది. డిస్కులకు డబ్బు చాలకపోయినా ఈ ఒక్క మార్పు చేయించుకోవడం ప్రాణాలు కాపాడే పని.

ఇంజిన్ మార్పిడికి రవాణాశాఖ అనుమతి తప్పనిసరి. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే స్పష్టం చేసింది. అనుమతి కోసం వెళ్లేటప్పుడు బ్రేకుల సంగతి కూడా తేల్చుకోవడం మంచిది.

పని అయ్యాక ఖాళీ స్థలంలో 20, 40 కిలోమీటర్ల వేగాల మీద ఆపి చూడాలి. బండి తిన్నగా ఆగుతోందా, పెడల్ ప్రతిసారీ ఒకే ఎత్తున అందుతోందా, ఎడమ, కుడి చక్రాలు ఒకేలా వేడెక్కుతున్నాయా అని పరిశీలించాలి. ఈ మూడింటికీ అవునని జవాబు వచ్చాకే హైవే ఎక్కాలి. పాత బండిని బతికించుకోవాలన్న మమకారం గొప్పది. ఆ మమకారం కోసం తీసిన మొదటి రూపాయి ఇంజినుకు కాక బ్రేకులకే చెందాలి.