రంగు చూసి నత్త పేరు చెప్పకండి

ఫోన్లలో తిరిగే సముద్రపు నత్తల ఫొటోలు పంపి, "నీలం ఒళ్లు, పసుపు అంచు... ఇది క్రోమోడోరిసే కదండీ?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. కాకపోవచ్చు. రంగును బట్టి ప్రజాతి తేల్చే అలవాటు ముందు మానాలి.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు విప్పి చూడండి. బ్యాడిగి కాయ చిక్కటి ఎరుపు, కారం తక్కువ. తేజ సన్నగానే ఉంటుంది, కొరికితే నిప్పు. రంగు లెక్క వేరు, ఘాటు లెక్క వేరు. (దిష్టి తీసి నిప్పుల్లో వేసిన మిరపకాయలు ఘాటెక్కకపోతే గట్టి దిష్టేనంటారు. వేసింది ఏ రకమో ఎవరూ చూడరు.) తేజ, బ్యాడిగి ఎంతైనా ఒకే జాతి మొక్కలు. నత్తల్లో చిక్కు ఇంకా ముదిరింది: వేర్వేరు వంశాలవి ఒకే రంగుల్లో తిరుగుతాయి. పెంకు లేని ఈ నత్తలు స్పాంజిలను తిని, వాటి విషాన్ని చర్మంలో దాచుకుంటాయి. ఒకసారి కొరికి ఉమ్మేసిన చేప ఆ రంగు జోలికి మళ్లీ రాదు. అదే రంగున్న పక్క వంశపు నత్త కూడా ఆ భయంతోనే బతికిపోతుంది. 2012లో పరిశోధకులు జాన్సన్, గోస్లినర్ ఈ నత్తల డీఎన్ఏ పోల్చి చూసేసరికి క్రోమోడోరిస్ చీలింది. చాలా జాతులు గోనియోబ్రాంకస్ ప్రజాతిలోకి వెళ్లాయి.

మరి చూడాల్సింది? మొప్పలు. వీపు చివర, మలద్వారం చుట్టూ పువ్వులా విచ్చుకుని ఉంటాయి. ముట్టుకోగానే క్రోమోడోరిస్ కుటుంబానివి వాటిని సంచిలోకి పూర్తిగా లాక్కుంటాయి. పాలిసెరిడే కుటుంబానికి ఆ సంచి లేదు, ముడుచుకోవడంతో సరి. ఆపైన సూక్ష్మదర్శినిలో నాలుక మీది పళ్ల వరసలు.

ఆ పాలిసెరిడేలో మన తీరం పేరున్న ప్రజాతి ఒకటుంది: కళింగ. 1845లో అమరావతి స్తూపం తవ్వించిన వాల్టర్ ఎలియట్ దొరే వాల్తేరులో ఉండగా ఈ నత్తలను పోగుచేయించాడు. సారాలో వేస్తే రంగులు వెలిసిపోతాయి కాబట్టి బొమ్మలూ గీయించాడు. వాటిని చూసి ఇంగ్లండులోని న్యూకాసిల్ వాళ్లు ఆల్డర్, హ్యాంకాక్ 1864లో ఒక వ్యాసంలో కళింగ ఆర్నాటాను వర్ణించారు. ఆ ప్రజాతిలో ఈనాటికీ అదొక్కటే జాతి.

అదే వ్యాసంలో పెట్టిన డోరిడాప్సిస్ పేరు మాత్రం నిలవలేదు. 1831లోనే ఎహ్రెన్‌బెర్గ్ పెట్టిన డెండ్రోడోరిస్‌లో కలిసిపోయింది. పళ్లు చూడమన్నాను గానీ, ఈ డెండ్రోడోరిస్‌లకు అసలు పళ్లే లేవు. స్పాంజిని జుర్రుకుంటాయి.