తాబేలు డిప్పకు ఎండే బలం

పద్మపూర్, గుణుపురం, రాయగడ, కొరాపుట్ ప్రాంతాల్లో చెరువు గట్టున రాయెక్కి, మెడ చాచి ఎండ కాగే తాబేళ్లను మీరు చూసే ఉంటారు. అది సోమరితనం కాదు. ఆ ఎండతోనే దాని ఎముకలు, డిప్ప గట్టిపడతాయి. మరి ఇంట్లో గాజు తొట్టిలో పెరిగే తాబేలుకు ఆ ఎండ ఎలా అందుతుంది? ఈనాటి మన ప్రసంగ విషయం అదే.

ముందుగా ఒక హెచ్చరిక. మన చెరువుల్లో, పొలాల్లో తిరిగే తాబేళ్లకూ, శ్రీకూర్మం ఆలయంలో కనిపించే నక్షత్ర తాబేళ్లకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని పట్టి ఇంట్లో పెంచడం నేరం. పట్టణాల్లో రంగు చేపల దుకాణాలవారు అమ్మేది, కంటి వెనుక ఎర్రచార ఉన్న అమెరికా తాబేలు. మీ ఇంట్లో ఇప్పటికే అలాంటిది ఉంటే, ఈ మాటలు దాని కోసం.

సూర్యకాంతిలో మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. వాటిలో 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉన్నవాటిని యు.వి.బి. అంటారు. అవి చర్మం మీద పడితే ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది. ఆ విటమిన్ ఉంటేనే మేతలోని కాల్షియం, అంటే సున్నపు సత్తువ, ఒంటికి పడుతుంది. లేకపోతే శరీరం ఆ సున్నాన్ని సొంత ఎముకల్లోంచే లాగేసుకుంటుంది. డిప్ప మెత్తబడి వంకర తిరుగుతుంది. తాబేలు కాళ్లీడుస్తుంది, మేత మానేస్తుంది. ఒకసారి వంకర పోయిన డిప్ప మళ్లీ సాపు కావడం కష్టం.

"తొట్టి కిటికీ పక్కనే ఉందండీ, ఎండ బాగా పడుతోంది" అంటారు కొందరు. వెలుగు పడుతుంది గాని యు.వి.బి. పడదు. కిటికీ అద్దం దాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. పైగా ఎండకు తొట్టిలో నీళ్లు కాగి తాబేలు ప్రాణానికే ముప్పు రావచ్చు. కాబట్టి ఉదయపుటెండలో, వెడల్పాటి టబ్బులో, సగం నీడ ఉండేలా బయట ఉంచండి. కాకులు, కుక్కలు రాకుండా దగ్గరే ఉండండి.

మరి ముసురు పట్టి రోజుల తరబడి సూర్యుడు కనిపించకపోతే? అప్పుడే దీపం కావాలి. మామూలు బల్బు, ట్యూబ్‌లైటు, ఎల్.ఇ.డి. ఇందుకు పనికిరావు. నీటిని శుద్ధి చేసే యు.వి. దీపం అసలే వాడకూడదు, అది కళ్లను, చర్మాన్ని కాలుస్తుంది. సరీసృపాల కోసం చేసిన యు.వి.బి. ట్యూబు అడగండి. దాని మీద 5.0, 10.0 అని అంకెలుంటాయి. అంకె పెరిగితే కిరణాల బలం పెరుగుతుంది. నీటి తాబేలుకు సాధారణంగా 5.0 సరిపోతుంది.

నీళ్లు వదిలి తాబేలు పూర్తిగా పొడిగా కూర్చునేందుకు ఒక రాయి పెట్టండి. ట్యూబును దానికి సరిగ్గా పైన, తాబేలు వీపుకు సుమారు 10 నుంచి 12 అంగుళాల ఎత్తున కట్టండి. డబ్బా మీద వేరే దూరం రాసి ఉంటే అదే పాటించండి. మధ్యలో గాజు మూత వద్దు. సన్నని జాలీ కూడా కొంత బలాన్ని తినేస్తుంది. వెచ్చదనానికి వేరే బల్బు పెట్టి, రాతి మీద 32 నుంచి 35 డిగ్రీల వేడి ఉండేలా చూడండి. దీపాలు రోజుకు 10 నుంచి 12 గంటలు వెలగాలి, రాత్రి చీకటి ఉండాలి. బల్బులు నీళ్లలో పడకుండా గట్టిగా బిగించండి.

మరొక సంగతి. ట్యూబు వెలుగుతున్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు. వెలుగు అలాగే ఉన్నా, యు.వి.బి. నెలనెలా తగ్గిపోతుంది. కొన్న తేదీ ట్యూబు మీదే రాసుకోండి. రకాన్ని బట్టి 6 నుంచి 12 నెలల్లో మార్చండి.

ఈ తాబేలు 20, 30 ఏళ్లు బతకగలదు. పెంచలేకపోతే వంశధారలోనో, నాగావళిలోనో వదిలేయకండి. అది మన తాబేళ్ల తిండిని, ఎండ కాగే చోటును లాక్కుంటుంది. అటవీ శాఖవారినో, పశువైద్యుణ్ణో అడగండి. ఈ వేళే మీ తాబేలు డిప్పను వేలితో మెల్లగా నొక్కి చూడండి. మెత్తగా తగిలితే ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.