పొట్టి మేకు, గట్టి పరీక్ష

బడి వార్షికోత్సవాల్లో కరాటే ప్రదర్శన చూసే ఉంటారు. కుర్రాడు పొడవాటి ఇనప చువ్వ కొనను గొంతు గుంటకు ఆనించుకుంటాడు. అవతలి కొన గోడకో, ఇంకో కుర్రాడి గొంతుకో ఆని ఉంటుంది. అడుగు ముందుకు వేసేసరికి చువ్వ నడుం విరిగినట్టు వంగిపోతుంది. హాలంతా చప్పట్లు. అదే వేదిక మీద ఇంకెవరో జానెడు కూడా లేని మేకును రెండు చేతుల్లో పట్టుకుని, పళ్లు బిగించి, అర నిమిషంలో మడిచి పెడితే మాత్రం వెనక వరసలవాళ్లకు ఏం జరిగిందో కూడా తెలియదు. నన్నడిగితే చప్పట్లు కొట్టాల్సింది ఈ రెండోవాడికి.

ఎందుకో లెక్క చెబుతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల మందం, రెండు మీటర్ల పొడవు ఉన్న చువ్వను రెండు కొసల నుంచీ నొక్కితే సుమారు 10 కిలోల బలానికే మధ్యలో పక్కకు ఒరుగుతుంది. ఒకసారి ఒరిగిందంటే ఆ పైన వంచడం కష్టం కాదు. చువ్వ పొడవు సగమైతే ఈ బలం నాలుగింతలవుతుంది. అంటే చువ్వ ఎంత పొడవుంటే అంత బలహీనపడుతుంది, చూసేవాడికి మాత్రం అంత భయంకరంగా కనబడుతుంది. (తేలికే కదా అని ఇంట్లో ప్రయత్నించకండి. కొన జారితే ఉన్నది గొంతు.)

బలానికీ కిటుకుకూ మధ్య గీత గీసే ప్రయత్నం మూడువందల ఏళ్ల నాడే లండన్‌లో జరిగింది. న్యూటన్‌కు సన్నిహితుడు, రాయల్ సొసైటీలో ప్రయోగాలు చేసి చూపించే జాన్ డెసాగులియర్స్ ఒక జర్మన్ బలశాలి ప్రదర్శనలను దగ్గర నుంచి చూశాడు. ఎముకలను ఏ కోణంలో నిలబెడితే ఎంత బరువు మోస్తాయో కనిపెట్టి, మామూలు మనుషుల చేతే ఆ విన్యాసాల్లో కొన్ని చేయించాడు. అలాంటి అనుమానపు మనిషి థామస్ టోపమ్ అనే లండన్‌వాసిని చూశాక మాత్రం ఇతడిది నిజమైన బలమేనని రాశాడు. టోపమ్ గజం పొడవున్న లావుపాటి ఇనప కడ్డీని తన ఎడమ ముంజేతి మీద కొట్టి కొట్టి దాదాపు లంబకోణానికి వంచాడు.

ఇక కడ్డీ సంగతి. గుండ్రని చువ్వను శాశ్వతంగా వంచడానికి కావలసిన వంపు బలం దాని మందపు ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. 6 మి.మీ. నుంచి 8 మి.మీ.కి వెళితే చూడ్డానికి రెండు మిల్లీమీటర్లే తేడా, వంచబోతే రెండుంబావు రెట్లకు పైమాటే. అదే మందం నాలుగు పలకల చువ్వ అయితే గుండ్రని దానికంటే ఒకటిన్నర రెట్లు మొండికేస్తుంది. ఇల్లు కట్టేచోట రింగులు వంచే పనివాళ్లకు ఇదంతా చేతికే తెలుసు. అందుకే వాళ్లు బల్లకు కొట్టిన మేకుల మధ్య చువ్వను ఇరికించి, పొడవాటి పిడి ఉన్న పనిముట్టుతో లాగుతారు. పిడి పొడవే వాళ్ల బలం. పైగా ఆ టీఎంటీ చువ్వకు పైపొర గట్టిది, లోపలి భాగం మెత్తనిది. వంచేటప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది పైపొర మీదే.

చేత్తో వంచేవాడికి ఆ పిడి లేదు. మేకులో తన పిడికిలి కింద ఉన్న మూడు నాలుగు అంగుళాలే అతడి మీట. ఈ విద్యలో ప్రపంచమంతా గుర్తించే కొలమానం అమెరికాలోని ఐరన్‌మైండ్ సంస్థ అమ్మే ‘రెడ్ నెయిల్’. ఏడంగుళాల పొడవు, అంగుళంలో పదహారో వంతులు ఐదు మందం, అంటే దాదాపు 8 మి.మీ. కాల్చకుండా చల్లగానే రోలర్ల మధ్య నొక్కి తీసిన ఉక్కు కాబట్టి మామూలు చువ్వకంటే బిరుసు. దాన్ని ఒక్క నిమిషంలో, రెండు కొసల మధ్య ఎడం రెండంగుళాలకు మించకుండా మడవాలి. నా లెక్క ప్రకారం ఒక్కో చేతి కొస దగ్గర 45 కిలోలకు అటూ ఇటూగా బలం పడాలి. అదీ కాళ్లతోనో నడుముతోనో కాదు, మణికట్టుతో మొదలుపెట్టి.

మేకు వంచడంలో మూడు దశలున్నాయి. మొదటిది ఉక్కు తొలిసారి లొంగి చిన్న కోణం పడటం. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. రెండోది ఆ కోణాన్ని లంబకోణం దాకా లాక్కెళ్లడం. మూడోది, రెండు కాళ్లలా నిలబడ్డ కొసలను అరచేతుల మధ్య పెట్టి, వేళ్లు పెనవేసి, ఛాతీ బలంతో నలిపేయడం. మొదటి దశకు మణికట్టు, చివరి దశకు ఛాతీ, భుజాలు ముఖ్యం. కసరత్తుశాలలో ఛాతీ పెంచిన కుర్రాళ్లు మొదటి దశలోనే బిత్తరపోవడానికి కారణం ఇదే.

పట్టుల్లో ముఖ్యమైనవి రెండు. అరచేతులు కిందికి పెట్టి, మోచేతులు పైకెత్తి, మేకును గడ్డం కింద పట్టుకునేది ఒకటి. చూపుడువేళ్ల మొదళ్లు మధ్యకు దగ్గరగా ఉంటాయి, అరచేతి అంచులు కొసలను తొక్కి పెడతాయి. ఇందులో ఛాతీ, వీపు కూడా సాయం వస్తాయి. రెండోది అరచేతులు పైకి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, మేకును పొట్ట ముందు పట్టుకునేది. ఇక్కడ సాయం తక్కువ, భారమంతా మణికట్లదే. దేనికైనా మేకు రెండు భాగాలకూ తోలో మందపాటి గుడ్డో చుట్టి తీరాలి. మేకు కొస అరచేతిలో గుచ్చుకుంటే మెదడు మన అనుమతి లేకుండానే కండరాలను సడలించేస్తుంది. మరీ మందంగా చుట్టడమూ మోసమే, మీట పొడవు పెరుగుతుంది. పోటీల్లో చుట్టే గుడ్డకూ నియమాలుండేది అందుకే.

సాధన విషయంలో పాత గురువు అలెగ్జాండర్ జాస్. రష్యన్ సామ్రాజ్యంలో పుట్టి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా సేనలకు బందీ అయ్యాడు. సంకెళ్లూ చెరసాల ఊచలూ తప్ప వేరే పరికరం లేదు. వాటినే నెట్టుతూ లాగుతూ బలం పెంచుకున్నాడు. తప్పించుకుని బయటపడ్డాక ఇనప చువ్వలు వంచి బ్రిటన్‌లో పేరు తెచ్చుకున్నాడు. కదలని వస్తువు మీద బలం పెట్టడం కండర బలాన్ని పెంచుతుందని 1953లో జర్మన్ శాస్త్రవేత్తలు హెట్టింగర్, ముల్లర్ ప్రయోగాలతో చూపారు. వాళ్లు చెప్పినంత వేగంగా కాకపోయినా పెరుగుతుందన్నది నిలిచింది. ఈ పద్ధతిలో ఏ కోణంలో సాధన చేస్తే ప్రధానంగా ఆ కోణంలోనే బలం వస్తుంది. మేకు వంచేవాడికి ఇది వరమే, ఎందుకంటే తొలి కోణమే అతడి అడ్డంకి. వంగదని తెలిసిన చువ్వను అదే పట్టుతో ఏడెనిమిది సెకన్లు శక్తికొద్దీ వంచబోయి వదలడం మంచి కసరత్తు. మన వీరఘట్టం మల్లుడు కోడి రామ్మూర్తి నాయుడు గొలుసులు తెంచారని చెప్పుకుంటాం. అది ఊపిరి బిగించి ఛాతీ పొంగించే విద్య, దీనికి దాయాది మాత్రమే.

మిగతా సాధన ఇంట్లో ఉన్నవాటితోనే నడుస్తుంది. సమ్మెట పిడి చివర పట్టుకుని తలను నెమ్మదిగా పక్కలకు వాల్చి లేపడం మణికట్టుకు. బకెట్ బియ్యంలో చేతులు దూర్చి వేళ్లు తెరిచి మూయడం, రబ్బరు బ్యాండు వేళ్లకు తగిలించి విప్పడం ముంజేతి వెనక కండరాలకు. పట్టు కండరాలకే పని చెప్పి వీటిని వదిలేసినవాళ్లకు మోచేతి నొప్పి రావచ్చు. మేకులు మాత్రం వారానికి ఒకటి, రెండు రోజులకు మించి వద్దు. సన్నవాటితో చేతులు వేడెక్కించి, కష్టమైనవి నాలుగైదు వంచి ఆపాలి. మందం పెంచే ముందు అదే మందంలో అరంగుళం పొడవు తగ్గించి చూడటం తెలివైన మెట్టు. ఇంకొకరు కొద్దిగా వంచి ఇచ్చిన మేకును పూర్తి చేయడం తర్వాతి దశలకు అభ్యాసం. తొందరపడకూడదనడానికి కారణం ఉంది. కండరం వారాల్లో బలపడుతుంది, కండరాన్ని ఎముకకు కట్టే టెండన్లకు నెలలు పడుతుంది. చేయగలననిపించే రోజుకూ, చేయదగిన రోజుకూ మధ్య ఆ ఎడం ఉంటుంది.

కాంక్రీటు గోడలకు కొట్టే బిరుసు మేకులు, హైటెన్సైల్ బోల్టులు ముట్టుకోవద్దు. అవి వంగకుండా పుటుక్కున విరిగి ముక్క కంటికి తగలొచ్చు. కళ్లద్దాలు పెట్టుకోండి. వంగిన చోటును వెంటనే వేలితో తాకవద్దు, మీరు పెట్టిన శ్రమలో చాలా భాగం అక్కడ వేడిగా మారి ఉంటుంది. పళ్లతో వంచే సరదా అసలే వద్దు. ఎదుగుతున్న పిల్లలకు ఈ ఆట పనికిరాదు. మొదలుపెట్టాలనుకునే పెద్దలు నున్నటి మైల్డ్ స్టీల్ 6 మి.మీ. చువ్వను ఏడంగుళాల ముక్కలు కోయించుకోండి. కొసలు అరగదీయించండి. మణికట్టు లోపల పొడిచినట్టు నొప్పి వస్తే ఆ రోజుకు ఆపేయండి, రెండు వారాల్లో తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించండి.